మూడు వేళ్ళ కొలత

వేలూరు,
12 నవంబర్ 2024

నాకు జన్మనిచ్చి, నా దగ్గరే అక్షరాలు దిద్దిన నాయనకు,

ఈ ఉత్తరం ఈరోజే రాయడానికి కారణం ఒకటే. నా బల్ల మీద ఏడు కాగితాలు ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో ఒక గడి ఖాళీగా ఉంది. ఇరవయ్యో తేదీ బుధవారం లోపల ఆ గడి నింపి డాక్టరమ్మ చేతికి ఇవ్వాలి. అందులో రాయాల్సింది నీ మగ్గం పక్క కిటికీలో నడిచే మన అంగడి పేరు.

ఫోన్‌లో చెప్పలేను. నువ్వు మగ్గం మీద ఉంటే చేతులు రెండూ ఖాళీ ఉండవు కాబట్టి ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి కిటికీ మీద ఉంచుతావు. నేను హాస్టల్లో ఏం తిన్నానో వీధి మొత్తానికి తెలుస్తుంది. ఇంటికి వచ్చి చెబుదామంటే, నీ ముఖం చూస్తే నాకు మాట రాదు. అందుకని తెలుగులో రాస్తున్నాను. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మగ్గం కొయ్య మీద సుద్దముక్కతో అక్షరం రాసి పెడితే, నువ్వు నేస్తూ నేస్తూ దాన్ని చూసి సాయంత్రానికి నేర్చుకునేవాడివి. రోజుకొక అక్షరం. అమ్మకు ఏ అక్షరాలూ రావు. చెల్లి సుజిత తమిళంలో చదువుకుంటోంది, తెలుగు మాట్లాడుతుందే గానీ చదవలేదు. ఈ ఉత్తరం తెచ్చే దినకర్ మామకు లుంగీల మూటల లెక్క తప్ప వేరే చదువు లేదు. కాబట్టి మన ఇంట్లో దీన్ని చదవగలిగింది నువ్వొక్కడివే. ఎవరికీ వినిపించవద్దు. తొందరపడకుండా చదువు.

పోయిన గురువారం మా పళ్ళ ఆసుపత్రి నుంచి మన గుడియాత్తం స్కూల్లో క్యాంపు పెట్టామని నీకు తెలుసు. ఆరోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం తినకుండా పోయానని అమ్మ కోపంగా ఉందని కూడా నాకు తెలుసు. పని ఎక్కువగా ఉందని చెప్పాను. అది నిజం కాదు.

డాక్టరమ్మ నోరు చూస్తుంది, నేను పక్కన కూర్చుని కాగితంలో రాస్తాను. ముందు పిల్లల్ని ఒక చిన్న పని చేయమంటాము. మూడు వేళ్ళు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోమంటాము. ఎవరి వేళ్ళు వాళ్ళవే. ఆరోగ్యంగా ఉన్న నోట్లో మూడు వేళ్ళూ పడతాయి. ఒకడు నాలుగు వేళ్ళు పెట్టి, "అక్కా, నా నోట్లోకి వేలూరు బస్సు కూడా పోతుంది, చూడు" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వి, "టిక్కెట్ నువ్వే కొడతావా?" అంది. అలా నవ్వుతూనే ఉన్నాము. తర్వాత ఎనిమిదో తరగతి వచ్చింది.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏడుగురికి బుగ్గల లోపల తెల్లటి మచ్చలు కనిపించాయి. ఆరుగురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. మగపిల్లలకు మూడు వేళ్ళూ పట్టాయి. ఆ అమ్మాయికి రెండే పట్టాయి. మూడోది పెట్టబోతే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. డాక్టరమ్మ వేలితో బుగ్గ లోపల తడిమి చూసి, "ఎన్నాళ్ళుగా కారం తినలేకపోతున్నావు తల్లీ?" అని అడిగింది. డాక్టరమ్మ నాకు మాత్రం వినపడేలా, పదమూడేళ్ళ నోట్లో ఇంత బిగుసుకుపోవడం తాను చూడలేదంది. ఇది పొగాకు, వక్క కలిపిన పాకెట్లు బుగ్గన పెట్టుకోవడం వల్ల వస్తుంది నాయనా. లోపలి చర్మం మెల్లమెల్లగా తాడులా గట్టిపడుతుంది. కొందరికి అది అక్కడితో ఆగదు. ఎక్కడిదాకా పోతుందో నువ్వు అడగవద్దు, నేను రాయను.

ఆ తర్వాత కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది. ఎక్కడ కొన్నావు? మొదటివాడు చెప్పాడు, "తరి కడ." రెండోవాడు చెప్పాడు, "తరి కడ." మన అంగడిని తమిళ పిల్లలు అలాగే అంటారు కదా, మగ్గం అంగడి అని. ఆరుగురూ ఒకటే చెప్పారు. ఒకడు మాత్రం ఇంకొక మాట కలిపాడు. "ఎవరికి అని అడుగుతారు అక్కా. అప్పకి అంటే ఇచ్చేస్తారు." వాడికి తండ్రే లేడు నాయనా. రెండేళ్ళ కింద చనిపోయాడు. ఆయన్ని మోసిన నలుగురిలో నువ్వూ ఒకడివి. వాడి ముఖం నువ్వు చూసి ఉండవు, కిటికీలోంచి వచ్చిన చేతిని మాత్రమే చూసి ఉంటావు.

నీ తప్పు అని నేను అనడం లేదు. మన వీధిలో ఇది తరతరాలుగా ఉన్న అలవాటు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి మధ్యలో లేస్తే నేత బిగువు చెడుతుంది, అందుకని బిడ్డను బీడీకి పంపుతాడు. అంగడిలో ఉన్న మనిషి కూడా గుంటలోనే ఉంటాడు, అందుకని ఆయనా లేచి చూడడు. ఎవరికి అని అడుగుతాడు, నాయనకి అని వినపడగానే ఇస్తాడు. చిన్నప్పుడు గల్లా దగ్గర కూర్చుని నేనూ అలాగే అడిగాను, అలాగే ఇచ్చాను.

కానీ చట్టం వేరేగా ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు బీడీ గానీ సిగరెట్ గానీ పొగాకు గానీ అమ్మకూడదు. ఎవరికోసం అన్నది చట్టానికి అక్కర్లేదు, చాచిన చేతి వయసు కావాలి. అమ్మే మనిషికి కూడా పద్దెనిమిది నిండాలి. స్కూలు నుంచి నూరు గజాల లోపల అసలు అమ్మకూడదు. గజం అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. వీధిలో మన పడుగు రెండుసార్లు సాచితే స్కూలు గేటు తగులుతుంది. ఇక బుగ్గన పెట్టుకునే పొగాకు పాకెట్లను మన రాష్ట్రంలో పెద్దవాళ్ళకు కూడా అమ్మకూడదు. అది నీకు తెలియదని నేను అనుకోలేను. తెలియకపోతే వాటి సరాలను నూలు డబ్బా వెనక ఎందుకు దాస్తావు?

గురువారం సాయంత్రం నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఏడు కాగితాల్లోనూ వదిలేశాను. డాక్టరమ్మ అడిగితే పిల్లలు చెప్పలేదన్నాను, అయితే ఇరవయ్యో తేదీకల్లా కనుక్కోమంది. నా జీవితంలో ఆఫీసు కాగితం విషయంలో ఆడిన మొదటి అబద్ధం అది. చదువుకుంటే ఎవరికీ భయపడాల్సిన పని ఉండదని నువ్వు అనేవాడివి. ఈ ఐదు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు.

ముందు ఆ పాకెట్లు అమ్మడం మానెయ్యి నాయనా. చిన్నపిల్లల చేతికి బీడీ కూడా ఇవ్వకు. మానేశానని నాకు రాయి. ఆ మిగతా సంగతి ఏం చేయాలో తర్వాత ఆలోచిస్తాను.

నీ బిడ్డ,
హేమప్రియ


గుడియాత్తం,
16 నవంబర్

చిరంజీవి హేమకు మీ నాయన రాసేది.

నీ ఉత్తరం రెండు దినాలు చదివినా. నాలుగు వరసలు నేసేది, ఒక వరస చదివేది. మీ అమ్మ ఏం రాసినాది అని అడిగితే బాగుండానని రాసినాది అంటి.

మొదట నాకు కోపం వచ్చినాది. నేనేమన్నా పిలిచి ఇస్తినా? ఎవురికి అని అడగకుండా ఒక బిడ్డకన్నా ఇచ్చినానా? బిడ్డ అబద్ధం చెప్తే నేనేం చేసేది? అట్లనుకున్నా. మళ్ళీ ఆ నాయన లేని పిల్లోని సంగతి చదివినా. వాళ్ళ నాయన్ని మోసినప్పుడు నా భుజం ఒరుసుకోని పోయినాది, అది గుర్తుండాది. ఆ పిల్లోడు గుర్తు లేడు. ఆ పొద్దు ఇంక మగ్గం ఎక్కలే.

పాకెట్లన్నీ నూలుకి గంజి కాచే పొయ్యిలో ఏసినా. సరాలు నేను అనుకున్నదానికన్నా తక్కువుండె. ఎలకలు కొట్టినాయేమో.

బీడీకి బిడ్డల్ని పంపొద్దని ఎదురింటి శివలింగానికి చెప్పినా. "ఏం మునికృష్ణా, బీడీకి ఓటరు కార్డు చూపించల్లా?" అన్నాడు. వీధిలో అందురూ నవ్విరి. "చూపించు, నీకు పద్దెనిమిది నిండినాయని నాకేం నమ్మకం?" అంటి. గొణుక్కుంటా లేచి వచ్చినాడు. వాడు నిలబడితే అంత పొడుగని ఇన్నేండ్లుగా నాకు తెలీనే తెలీదు.

నువ్వు రాసిన మూడు వేళ్ళు నేనూ పెట్టి చూసుకుంటి. మూడూ పట్టినాయి. మీ అమ్మకీ పట్టినాయి. ఆమె నవ్వి, ఈ వయసులో ఇదేం ఆటప్పా అనింది. నవ్వులాటకి సుజితని గూడా పెట్టమంటి. పెట్టకుండా లేచి లోపలికి పోయినాది. దానికి ఈ మధ్య ఊరికే కోపం. కూర ముట్టదు, మూడు పూటలా పెరుగన్నమే కావాలంటాది. మీ అమ్మ సణుగుతా ఉండాది. స్కూలు నుంచి ఏదో చీటీ వచ్చినాది. తమిళంలో ఉండె, సుజిత చదివి చెప్పినాది. రెండు పూటలా పండ్లు తోముకోవల్లంట, అంతే.

హేమా, ఆ ఆడబిడ్డ ఎవురు? సుజిత తరగతే కదా అని దాన్ని అడిగితే తెలీదు అనేసినాది. ఆ బిడ్డ నాయన ఎవురు? వాడు కండ్లు యాడ పెట్టుకోని ఉండాడు? ఇంట్లో బిడ్డ నోరు తెరవలేకుండా ఉంటే చూడకుండా ఏం మనిషి వాడు? పేరు చెప్పు. నేనే పోయి వానితో మాట్లాడతా. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ. నా అంగడిది తిని కదా ఆ బిడ్డకి అట్లయినాది.

నేను మానేసినా కాబట్టి ఆ గడిలో మన పేరు రాయొద్దు తల్లీ. ముందు ముందు సుజితని ఒకింట్లో ఇయ్యల్ల. అంగడి మీద పోలీసు మాట పడితే ఎట్ల?

నాయన


వేలూరు,
19 నవంబర్ 2024

నాయనా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నువ్వు నాకు రాసిన మొదటి పెద్ద ఉత్తరం. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. నేను దాన్ని హాస్టల్ మెట్ల మీద కూర్చుని చదివి, మళ్ళీ చదివి, లోపలికి పోలేక అక్కడే ఉండిపోయాను.

ఆ బిడ్డ నాయన ఎవరని అడిగావు. నువ్వు ఎవరి ఇంటికీ పోనక్కర్లేదు. ఆ బిడ్డ పేరు సుజిత.

ఇక్కడ కాసేపు ఆగు. మగ్గం మీద ఉంటే దిగు. తర్వాత నువ్వు రాసింది గుర్తు చేసుకో. కూర ముట్టదు అని రాశావు. మూడు వేళ్ళు పెట్టమంటే లేచి పోయింది అని రాశావు. పొయ్యిలో వేసేటప్పుడు సరాలు తక్కువ ఉన్నాయి అని రాశావు. అన్నీ నువ్వే నీ చేత్తో రాశావు నాయనా. నువ్వు కళ్ళు మూసుకుని లేవు. ఇంటి బిడ్డ కాబట్టి నీకు ఆ ఆలోచన రాలేదు.

ఆరోజు అది వరసలో ఇరవై మూడోది. నన్ను చూసి నవ్వబోయి నోరు మూసుకుంది. డాక్టరమ్మకు అది నా చెల్లెలని చెప్పలేదు. చూడడం అయ్యాక నీళ్ళ కుళాయి దగ్గరికి తీసుకుపోయి అడిగాను, "ఎవరిస్తున్నారే నీకు?" అని. అది నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎవురూ ఇయ్యలే అక్కా. సాయంత్రం గల్లా కాడ ఒకదాన్నే కూచుంటా కదా. ఎవురికి అని నన్ను నేనే అడుగుతా. నాయనకి అంటా. తీసుకుంటా."

"ఎందుకు?"

"నాయన ఇచ్చినట్లు ఉంటాది."

ఇంత చిన్న గొంతుతో చెప్పింది. ఆ మాట నేను రోజుకు ఎన్నిసార్లు వింటున్నానో నీకు తెలియదు. తర్వాత, "నాయనకి చెప్పొద్దక్కా, అంగడి మూసేస్తాడు, మళ్ళా నా స్కూలు ఎట్ల?" అని ఏడ్చింది. నేను చెప్పనని మాట ఇచ్చాను. అందుకే మొదటి ఉత్తరంలో పేరు రాయలేదు. ఇంకొక కారణం కూడా ఉంది, అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. పరాయి బిడ్డ కోసం నువ్వు మానేస్తావా లేదా అని తెలుసుకోవాలనుకున్నాను. మానేశావు. నీ గురించి అలా అనుమానపడినందుకు నన్ను క్షమించు.

నా తప్పు ఇంకా పెద్దది. దీపావళికి వచ్చినప్పుడు దాని జామెట్రీ బాక్సులో చింపిన పాకెట్ చూశాను. నేను చదివింది పళ్ళ గురించే, నా ఉద్యోగం నోళ్ళు చూడడమే. అయినా అంగడి చెత్త ఏదో పడి ఉంటుందని నాకు నేను చెప్పుకుని మూత పెట్టేశాను. గల్లా దగ్గర దాన్ని మొదటిసారి కూర్చోబెట్టింది కూడా నేనే. అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్ల అది. నేను హాస్టల్‌కు పోవాలి, నా చోట ఎవరో ఒకరు ఉండాలి. ఎవరికి అని అడిగితే చాలు, ఇంకేమీ అడగక్కర్లేదని నేర్పించి వచ్చాను. నేను చెప్పినట్టే చేసింది.

స్కూలు నుంచి వచ్చిన చీటీ పళ్ళు తోముకోమని కాదు. అది ఈ ఏడుగురి ఇళ్ళకే పంపిన చీటీ. బిడ్డను వెంటనే వేలూరు తీసుకురమ్మని ఉంది. ఆ కాగితం రాసింది నేనే. సుజిత దాన్ని నీ ముందు నిలబడి వేరేగా చదివింది.

గడి విషయం. నింపేశాను. ఏడు కాగితాల్లోనూ మన అంగడి, నీ పేరు, వీధి రాశాను. నువ్వు మానేశావు కాబట్టి రాయవద్దన్నావు. కానీ ఆ గడి ఇప్పుడు అమ్ముతున్నారా అని అడగదు, ఎక్కడ కొన్నారని అడుగుతుంది. ఆ ఆరుగురి కాగితాలు తప్పుగా పోతే రేపు వాళ్ళకు వైద్యం చేసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? సుజిత కాగితం కింద ఖాళీ జాగాలో, ఈ బిడ్డ నా చెల్లెలు, ఈ అంగడి మా నాయనది, క్యాంపు రోజు నేను తప్పు చెప్పాను అని రాసి సంతకం చేశాను. ఈరోజు ఉదయం డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి కాగితాలు ఫైల్లో పెట్టింది. "నీ ఉద్యోగం సంగతి నా ఒక్కదాని చేతిలో లేదమ్మా" అంది. తర్వాత సుజితకు సోమవారం ఇరవై ఐదో తేదీ ఉదయం తొమ్మిదిన్నరకు సమయం రాసి ఇచ్చింది.

ఆరోజు బుగ్గ లోపల నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అది ఏమని తేలుతుందో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. బిగుసుకున్న చోటు మళ్ళీ మొదట ఉన్నట్టు వదులు కాదని మాత్రం చెప్పింది. ఇప్పుడు ఆపితే ఉన్నచోట నిలబడవచ్చు. నిలబడవచ్చు అంది, నిలబడుతుంది అనలేదు.

అంగడిని తనిఖీ చేయడానికి మనుషులు వస్తారు. ఈ వారమో వచ్చే వారమో నాకు తెలియదు. వచ్చినప్పుడు ఏమీ దాచకు, లేదనకు, శివలింగం మామను అడ్డం మాట్లాడనివ్వకు. జరిమానా కట్టమంటే కడదాం. వీధి నాలుగు రోజులు మాట్లాడుతుంది. సుజిత పెళ్ళి గురించి నువ్వు భయపడుతున్నావు. నేను ఇప్పుడు అంత దూరం చూడలేకపోతున్నాను నాయనా. సోమవారం దాకానే చూడగలుగుతున్నాను.

మొదటి ఉత్తరం ఎవరికీ వినిపించవద్దన్నాను. ఈ ఉత్తరం గట్టిగా చదువు. ఫోన్ పక్కన పెట్టి, కిటికీ తలుపు వేసి, అమ్మను ఒక పక్కన, సుజితను ఒక పక్కన కూర్చోబెట్టుకుని చదువు. నేను మాట తప్పానని దానికి తెలియాలి. దాన్ని కొట్టవద్దు. అమ్మను కూడా ఏమీ అననివ్వకు. చదవడం అయ్యాక దాని చేయి పట్టుకుని వేళ్ళు పెట్టి చూడమని అడుగు. నవ్వులాటకు కాదు. క్యాంపు రోజు రెండు పట్టాయి. ఇప్పుడు ఎన్ని పడుతున్నాయో నాకు తెలియాలి.

శుక్రవారం ఇరవై రెండో తేదీ దినకర్ మామ మూటలతో వస్తాడు. ఆయన చేతికి జవాబు పంపు. సోమవారం సుజితను తీసుకుని వస్తున్నావా లేదా, ఎన్ని వేళ్ళు పట్టాయి, ఈ రెండే రాయి. శుక్రవారం సాయంత్రం దాకా బస్టాండులో మామ కోసం చూస్తాను. జవాబు లేకపోతే రాత్రి బండికి నేనే వచ్చి దాన్ని తీసుకుపోతాను.

నీ పెద్ద బిడ్డ,
హేమప్రియ